కాగితం మీది వయసు

పిండి మళ్ళీ ఎక్కువైంది. అజ్మతున్నీసా చేయి ఆపి గిన్నెలోకి చూసింది. ఇద్దరికి ఆరు రొట్టెలు చాలు. ఆమె చేయి మాత్రం పదకొండు మందికి కొలిచింది. మస్కట్‌లో ఒకే ఇంటికి ఇరవై ఏళ్ళు వండిన చేయి అది. సెలవు మీద వచ్చి రెండు నెలలైనా, సీతాఫల్‌మండిలోని ఈ ఒంటిగదికి అది అలవాటు పడలేదు.

"ఖాలా, మళ్ళా పెండ్లిపిండి కలిపినవా?" అంది షిరీన్ జడ వేసుకుంటూ. చనిపోయిన అక్క కూతురు. రాంగోపాల్‌పేట్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఇవాళ సగం రోజు సెలవు పెట్టింది.

"మిగిలితే నీ దుకాణంల పంచు."

"ఇప్పటికే రొట్టెల షిరీన్ అంటున్రు నన్ను."

అజ్మతున్నీసా రొట్టె తిప్పింది. మోచేతి దాకా పాత కాలిన మచ్చలు, ఉబ్బిన వేలికణుపులు, గోరింటాకు దిగిపోయి పాపిట దగ్గర తెల్లబడిన జుట్టు. రొట్టె కాలేలోపు రెండుసార్లు గోడకు ఆనుకుంది.

పాస్‌పోర్టు గడువు ఇంకో నెలలో తీరుతుంది. కొత్తది తీసుకోవడం పెద్ద పని కాదు. చిక్కంతా పుట్టిన తేదీ దగ్గరే ఉంది. భర్త వదిలేసి పోయాక, 2005లో, ఆమె మొదటిసారి బయలుదేరినప్పుడు వయసు ఇరవై నాలుగు. ముప్పై నిండని ఆడవాళ్ళను ఇంటిపనికి పంపరని ఏజెంటు ఎనిమిదేళ్ళు కలిపి రాయించాడు. ఇన్నాళ్ళూ ఆ ఎనిమిదేళ్ళు ఎవరికీ అడ్డు రాలేదు. ఇప్పుడు మస్కట్‌లోని ఆ ఇంటి పెత్తనం కోడలి చేతికి వచ్చింది. యాభై దాటిన మనిషి వద్దంది కోడలు. నాకు నలభై నాలుగేనని అజ్మతున్నీసా ఫోన్లో మొత్తుకుంటే, "అయితే కొత్త పాస్‌పోర్టులో అలాగే రాయించుకో, వీసా పంపుతాను" అంది.

పాస్‌పోర్టు ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు చేయి అడ్డం పెట్టాడు. "పెద్దమ్మా, లోపలికి ఒక్కరే."

"నలభై నాలుగేండ్లకే పెద్దమ్మనా అన్నా?" షిరీన్ విరుచుకుపడింది. తర్వాత ఖాలా చెవి దగ్గరకు వంగి, "ఏజెంట్ ముచ్చట ఎత్తకు, కేసయితది. జెర హుషారుగా మాట్లాడు" అంది.

లోపల మొదటి కౌంటర్లో ఆమె బొటనవేలి ముద్ర పడలేదు. అక్కడి అమ్మాయి వేలిని గుడ్డతో తుడిచి, అద్దం మీద గట్టిగా అదిమింది. నాలుగోసారికి పడింది. ఫోటో తీశారు. తర్వాత గంటన్నర కూర్చోబెట్టి, పిలిచారు. బల్ల మీది పలకపై రామ్మోహనరావు అని ఉంది. ఆయన కళ్ళజోడు పైకి తోసి కాగితాలు తిరగేశాడు.

"తేదీ మార్చమంటున్నారు. పుట్టిన సర్టిఫికెట్ ఉందా?"

"లేదు సార్."

"బడి కాగితం?"

"రెండో తరగతి దాకనే పోయిన. ఆ రిజిస్టర్లు చెదలు తిన్నయట."

"మరి ఎనభై ఒకటిలో పుట్టారని ఎట్లా తెలుసు?"

"మా అమ్మ చెప్పింది సార్. పెద్ద వాన పడి మా ఇంటెనుక గోడ కూలిన ఏడు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "గోడకు సర్టిఫికెట్ ఇవ్వరు కదమ్మా."

ఆధార్, ఓటరు కార్డు, పాత పాస్‌పోర్టు వరుసగా పేర్చాడు. మూడింటిలోనూ 1973. ఆధార్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఆమె సెలవు మీద ఇక్కడే ఉంది. వయసుకు రుజువేదని అడిగితే, గర్వంగా పాస్‌పోర్టే తీసి చూపించింది. వాళ్ళ ఇంట్లో అంతకు మించిన కాగితం లేదు మరి. ఆధార్‌ను చూసి ఓటరు కార్డు ఇచ్చారు.

"మీ కాగితాలన్నీ ఒక్క మాట మీదున్నాయి. మీరొక్కరే వేరే మాట మీదున్నారు."

"ఏజెంట్ రాయించిండు సార్. అప్పుడు ముప్పై నిండకుంటే..."

ఆయన అరచేయి పైకెత్తాడు. అటూ ఇటూ చూశాడు. "ఆ మాట నాకు వినపడలేదు. మళ్ళీ అనకండి."

తెర మీద ఇందాక తీసిన ఫోటో ఉంది. అజ్మతున్నీసా కూడా దాన్ని చూసింది. కళ్ళ కింద నలుపు, జారిన చెంపలు. యాభై రెండు కాదని ఎవరనగలరు? కాగితం ఎప్పుడో ముందుకు వెళ్ళి కూర్చుంటే, ముఖం నడుచుకుంటూ వెళ్ళి దాన్ని కలుసుకుంది.

"ఉన్నదున్నట్టు చేయమంటారా? లేదా రుజువులు వెతుక్కుని మళ్ళీ వస్తారా?"

ఎక్కడ వెతకాలి? గోడ దగ్గరా?

"చెయ్యున్రి సార్" అంది.

ఆయన పాత పాస్‌పోర్టు మీద రద్దు ముద్ర కొట్టాడు. కత్తెరతో అట్ట మూల కత్తిరించి, ఆమె వైపు జరిపాడు. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. కొత్తది పోస్టులో వస్తుంది."

ఆటోలో షిరీన్ మూల తెగిన పాస్‌పోర్టు అందుకుని పేజీలు తిప్పింది. "గీ ముద్ర ఎప్పటిది?"

"మా అమ్మ, మీ నానీ పోయినప్పటిది. నలభయ్యో రోజుకు అందుకున్న."

"గిది?"

"నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు. నేనొచ్చేసరికి తగ్గింది."

షిరీన్ వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "పదేండ్లల్ల నువ్వు నా దగ్గరున్నది పదినెల్లు సుత కాలే, ఖాలా."

అజ్మతున్నీసా పాస్‌పోర్టు అందుకుని సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం ఆమె మస్కట్‌కు ఉన్నమాటే చెప్పి వాయిస్ మెసేజ్ పంపింది. అబద్ధం ఆడే ఓపిక లేదు. కాసేపటికి కోడలు జవాబిచ్చింది. ఫర్వాలేదు, ఇవాళ పొద్దున్నే ఇంకొకామె వచ్చేసింది, నువ్వు ఆరోగ్యం చూసుకో.

అజ్మతున్నీసా ఆ మాట రెండుసార్లు విన్నది. రెండు నెలల కిందట ఆ ఇంట్లో రాత్రికి శనగలు నానబెట్టి విమానం ఎక్కింది. ఆ ఇంటి పిల్లలు చదువులో ఉన్నారని పలకరించనైనా లేదు. ఎలాగూ వస్తున్నాను కదా అనుకుంది. ఆ ఇల్లు వదిలి వచ్చింది ఆ రోజేనని ఇప్పుడు తెలిసింది.

ఫోన్ మళ్ళీ మోగితే షిరీన్ తీసి చూసింది. ఈసారి కోడలు ఫోటో పంపింది. వంటగదిలో నేల మీద ఒక చెక్క పీట. పై అల్మరా అందక, మొదటి ఏడాది పాలపెట్టె చెక్కలతో అజ్మతున్నీసా మేకులు కొట్టి చేసుకున్నది.

"నీదేనా అంటుంది ఖాలా. పారెయ్యమందామా?"

"ఉంచుమను" అంది అజ్మతున్నీసా పొయ్యి వైపు తిరుగుతూ. "వచ్చినామె సుత పొట్టిదేమో."

షిరీన్ చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ పీట మీద రెండు పాదాల మేర నీలిరంగు అరిగిపోయి, కింద చెక్క తెల్లగా కనిపిస్తోంది.