ఉప్పుగూడ కొట్టంలో మబ్బు

పొద్దుగాల మొదటి రైలు కూయకముందే సోమయ్య కొట్టంలో పేడ ఎత్తేస్తాడు. సుగుణమ్మ తొట్టి కడిగి, తవుడు కలిపి బర్రెల ముందర పెడుతుంది. ఉప్పుగూడ స్టేషను వెనక చుట్టూ మూడంతస్తుల ఇండ్లు లేచినా, మొగుడూ పెండ్లాలది మాత్రం ఇంకా పల్లెటూరి బతుకే. రెండు బర్రెలు, పట్టాల పక్కన పావెకరం గడ్డిమడి, కొట్టం చివరి గుంజకు కట్టేసిన ఒక మబ్బు.

మబ్బు సోమయ్య తండ్రి కాలం నుంచీ ఉంది. బూడిద రంగుది, నడుమెత్తు ఉంటుంది, మెత్తటి పలుపుతో కట్టాలి. తడి గోనెసంచులు పరిస్తే వాటిని పీల్చుకొని తెల్లారేసరికి నిండుతుంది. రోజూ మడికి తోలుకపోయి, ఒక పక్క ఆయన, ఒక పక్క ఆమె నిలబడి నిమిరితే బర్రె పాలు చేపినట్టే చేపేది. గంటసేపు సన్నటి వాన. నల్లా రెండ్రోజులకొకసారి వచ్చే బస్తీలో వాళ్ళ గడ్డి ఏ ఎండాకాలమూ మాడలేదు.

సోమయ్యకు పశువుల సంగతి తెలిసినంతగా ఆ బస్తీలో ఎవరికీ తెలియదు. బర్రె నడక చూసి ఎన్ని నెలల సూడిదో చెప్పేవాడు. పట్టింపు కూడా అంత పెద్దదే. సుగుణమ్మ అన్న వెంకటనారాయణ తన కొడుకు పెండ్లిలో ఈయనను రెండో బంతికి కూర్చోబెట్టాడు. అది మనసులో పెట్టుకొని తొమ్మిదేండ్లుగా ఉస్మాన్‌గంజ్‌లో ఆ గడప తొక్కలేదు.

ఆ ఇంటికే సుగుణమ్మ మబ్బును తోలుకపోయింది. అన్న ఇంట్లో ట్యాంకు ఎండిపోయింది, వదిన కాలు విరిగి మంచంలో ఉంది. పలుపు పట్టుకొని బేగంబజార్ మీదుగా నడుస్తుంటే హమాలీలు బండ్లు పక్కకు జరిపి దారిచ్చారు. ట్యాంకు నిండింది. మర్నాటి నుంచి మబ్బు చేపలేదు.

"పరాయి ఇంట్ల పిండినవ్ గద, ఇగ ఒట్టిపోయింది," అన్నాడు సోమయ్య. ఆ తర్వాత ఇరవై రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. చెప్పాల్సిందేదో పెద్ద బర్రెకు చెప్పేవాడు.

"కాళీ, చొప్ప అయిపోయిందని మీ అవ్వకు చెప్పు."

"కాళీ, నాకు చెవుడు లేదని మీ బాపుకు చెప్పు," అనేది సుగుణమ్మ. "ఒక్క పక్క నిమిరితే అది చేపదని గూడ చెప్పు."

ఆయన వినలేదు. మబ్బు మొండికేసిందనుకున్నాడు. తన్నే బర్రెకు కాళ్ళు కట్టినట్టు దాని కింది అంచులకు తాడు బిగించి మరీ నిమిరాడు. మబ్బు వణికింది కానీ చుక్క రాల్చలేదు. మడి నెర్రెలు విచ్చింది. బయటి చొప్పతో బర్రెల డొక్కలు నిండలేదు, పక్కటెముకలు తేలాయి.

"కాళీ, మిమ్మల్ని బర్రెల బేరగాడు ప్రేమ్‌రాజ్‌కు ఇచ్చేస్తున్న. శుక్రవారం బండి తెస్తడు. నేను బేగంబజార్ల గోదాము కాడ వాచ్‌మన్‌గ పోత, ఆడనే పండుకుంట. మీ అవ్వను వాళ్ళ అన్న ఇంటికి పొమ్మను."

సుగుణమ్మ తవుడు తొట్టిని కాళీ ముందుకు జరిపింది.

శుక్రవారం పొద్దున సోమయ్య ఆఖరిసారి అనుకుంటూ పేడ ఎత్తుతున్నాడు. మబ్బు గుంజ చుట్టూ తిరుగుతోంది. కూర్చుంటోంది, లేస్తోంది, నేలను వాసన చూస్తోంది.

"ఇటు రా అయ్యా," అని పిలిచింది సుగుణమ్మ. "అట్ల ముంగట నిలబడితే ఏం కనపడ్తది? దాని వెనక పక్కకు రా."

వెళ్ళి చూశాడు. మబ్బు వెనక భాగంలో రెండు పక్కలా గుంటలు పడ్డాయి. కడుపు కిందికి జారింది. ఇట్లాంటివి కొన్ని వందలు చూసిన మనిషి, చేతిలో తట్ట వదిలేశాడు. ఈనే ముందు ఏ బర్రె పాలిస్తుంది? మబ్బు ఒట్టిపోలేదు. సూడిది.

"సుగుణా, నేను గుడ్డోన్నైన."

"ఆ ముచ్చట తర్వాత. ముందు తాడు ఇప్పు."

ముడి బిగుసుకుపోయింది. ఆయన కొస పట్టుకుంటే ఆమె పండ్లతో లాగింది. తాడు ఊడగానే మబ్బు పెద్దగా ఊపిరి వదిలింది. కొట్టమంతా తొలకరి వాసన నిండింది. బర్రెలు నెమరు ఆపాయి. మబ్బు లోపల దారపు పోగంత మెరుపు అటూ ఇటూ కదిలింది. అప్పుడు తెల్లగా, తడిగా, పొగలు కక్కుతూ ఒక చిన్న మబ్బు వాళ్ళ నాలుగు చేతుల్లోకి జారింది. దానికి బరువే లేదు. అయినా ఇద్దరూ దాన్ని జారిపోతుందన్నట్టు పట్టుకున్నారు.

సోమయ్య గడ్డిపోచ తీసి అప్పుడే పుట్టిన దుడ్డెకు తుడిచినట్టు ముక్కు తుడవబోయాడు. ముక్కు ఎక్కడుందో తెలియక అట్లాగే ఆగిపోయాడు. సుగుణమ్మ నవ్వింది. ఆయన కండ్ల నిండా నీళ్ళు.

బయట హారను మోగింది. "సోమన్నా, బర్రెలను ఇప్పు, ఎండ ఎక్కుతది," అంటూ ప్రేమ్‌రాజ్ లోపలికి వచ్చాడు. తల్లి మబ్బు పిల్లను నాకుతోంది. చూసి, వెనక్కి నడిచి చెప్పులు విడిచి వచ్చాడు.

"ఎప్పుడు ఈనింది?"

"గిప్పుడే," అంది సుగుణమ్మ.

"మరి ఫోన్ చెయ్యవేందన్నా? ఈనిన కొట్టంల నుంచి పదకొండొద్దులు పశువు పరాయింటికి పోదాయె. నాతోని గంత పాపం చేపిస్తవా?" ఖాళీ బండి వెనక్కి తిప్పుకున్నాడు.

మొగుడూ పెండ్లాలిద్దరూ తల్లిని మడికి తోలుకపోయి చెరో పక్క నిలబడి నిమిరారు. మొదటి వాన జున్నుపాలంత చిక్కగా, కాస్త పచ్చగా, తొందర లేకుండా దిగింది. నెర్రెలు మూసుకున్నాయి. వారం తిరిగేసరికి గడ్డి నడుమెత్తు లేచింది. పన్నెండో రోజు ప్రేమ్‌రాజ్ వచ్చాడు, గడ్డిలో వీపులు మాత్రమే కనిపిస్తున్న బర్రెలను చూసి బండి దిగకుండానే సాగిపోయాడు. గోదాముకు వేరే వాచ్‌మన్ దొరికాడు.

చిన్న మబ్బుకు ఇంకా కురవడం సరిగ్గా రాదు. ఒక చోట చాటంత జాగాలో, ఒక చోట దోసెడంత. సోమయ్య ఎడమ పక్క, సుగుణమ్మ కుడి పక్క నిమురుతూ దాని వెంట నడుస్తారు. ఒక్కోసారి అది మడి గట్టు దాటి పట్టాల మీదికి పోతుంది. అప్పుడు సిగ్నలు కోసం ఆగిన రైలులో ఒక్క కిటికీ దగ్గరే వాన పడుతుంది. లోపలున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చేతులు బయటికి చాపుతారు.