కరియమ్మ బుట్టలోని ఎర్రలు

శనివారం సంతకు వచ్చిన ప్రతిసారీ సాలొమోను ముందు ఉల్లిగడ్డలు కొని, తరువాతనే తక్కిన పనులు చూసుకొనేవాడు. ఆ శనివారం మాత్రం తెక్కలకోటలో బస్సు దిగగానే ఉల్లిగడ్డల బాధ్యతను భార్య కృపమణికి అప్పగించి, నేరుగా యల్లేష్ అంగడికి నడిచాడు. దోణిమలై గనిలో ముప్పైనాలుగేండ్లుగా స్టోరు గుమాస్తాగా పనిచేస్తున్న ఆ మనిషి ఇంతవరకు సముద్రాన్ని చూడలేదు. రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలున్నాయి. తొమ్మిది రోజుల్లో చర్చి సంఘంవాళ్ళు నలుగురు జీపులో సముద్రం ఒడ్డునున్న కార్వారుకు పోయి, అలల ముందు నిలబడి గాలం వేయాలని తీర్మానించుకొన్నారు. నాలుగో సీటు ఆయనది.

యల్లేష్ పన్నెండడుగుల గాలపు కర్ర చూపించాడు. "చెరువు కర్ర కాదప్పా ఇది. అలలు దాటించి ఇసరల్ల."

"దారం తెగదా?"

"ఎనుమును కట్టినా తెగదు. సముద్రంలోకి పోతే నువ్వు పోవల్ల గానీ, దారం పోదు."

సాలొమోను నవ్వి, సీసపు గుండ్లు, పెద్ద గాలాలు ఏరుకొన్నాడు. తరువాత అంగడి వెనకకు పోయి, ఎవరూ లేరని రూఢి చేసుకొని, అరచేతిలో సున్నమూ పొగాకూ నలిపి పెదవి కింద పెట్టుకొన్నాడు. ఇరవైయేండ్ల కిందట సంఘం ముందు ప్రమాణం చేసి మానేసిన అలవాటు అది. సంఘపెద్ద అయినప్పటి నుంచి దానిని మరింత జాగ్రత్తగా కొనసాగిస్తున్నాడు.

ఇక మిగిలినవి ఎర్రలు. కెంచనగుడ్డ వరిమడుల్లో దొరికే వానపాములను కరియమ్మ వెదురుబుట్టలో తెచ్చి సంత చివర కూర్చుంటుంది. అమ్మే ముందు కొనేవాడి అరచేతిలో ఒకటి పెట్టి చూడడం ఆమె పద్ధతి. ఎర్ర మెలికలు తిరిగితే బేరం. కదలక తిన్నగా పడుకొంటే ఆ మనిషి ఆరు నెలలు దాటడు. అటువంటివాడిని నీటి దగ్గరకు పంపడం ధర్మం కాదని ఆమె ఎర్రలు అమ్మదు. పోయిన ఏడాది హొన్నప్ప అనే ఆయన చేతిలో ఎర్ర అట్లా పడుకొంది. హొన్నప్ప ఇంటికి పోయి, కూతురి పెండ్లి ముందుకు జరిపించి, దీపావళిలోపలే పోయాడు.

"సముద్రం చేపకు మన తుంగభద్ర ఎర్రలా?" అంది, సంచితో అక్కడికి చేరిన కృపమణి.

"చేపకు ఊరేముందమ్మా, నోరుంటే సాలు. చెయ్యి సాపప్పా."

సాలొమోను చాపాడు. ఎర్ర ఒక్కసారి ముడుచుకొని, చీపురుపుల్లలా సాగి, కదలక పడుకొంది.

అరచేతి గీతల్లో సున్నం ఉందని, సున్నం తగిలిన ఎర్ర కదలదని ఆయనకు తెలుసు. ఆ మాట చెప్పాలంటే పొగాకు మాట చెప్పాలి. పక్కన భార్య. వెనక, జీపులో చోటు దొరకని సంఘం కోశాధికారి విజయ్ కుమార్. సాలొమోను ఎర్రను తిరిగి బుట్టలోకి జారవిడిచాడు.

"ఆయ్తు, ఇంకంతే," అని కరియమ్మ బుట్ట మూసింది. "బేజారు చేసుకోవద్దప్పా."

విజయ్ కుమార్ ఆయన భుజం తట్టాడు. "దేవుని సిత్తమన్నా. సీటు నేను సూసుకొంటాలే. ఆ కర్ర గూడా ఇట్లియ్యి, నీకింక ఎందుకు?"

ఆ వారం ఇంట్లో ఆయనను ఎంతో మర్యాదగా చూశారు. కృపమణి పప్పులో నెయ్యి వేసింది; బీపీ మాత్రలు గుర్తుచేయడం మానేసింది. ఎం.కాం. చదివి ఆరేండ్లుగా ఇంట్లోనే ఉన్న కొడుకు టైటస్ మొదటిసారిగా తండ్రి కాళ్ళు పట్టాడు. ఉద్యోగంలో ఉండగా పోయినవాడి కొడుక్కు గనిలో ఉద్యోగం ఇస్తారు; రిటైరైనవాడి కొడుక్కు ఇవ్వరు. గురువారం పొద్దున బల్లమీద నింపిన దరఖాస్తు కనిపించింది. తండ్రి మరణించిన తేదీ గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

"ఏంది మణీ ఇది?"

"ముందే రాసిపెట్టినాము. ఆర్నెల్లంటే రిటైర్మెంటుకు ముందే గదా. వాని అదృష్టం."

"నా చేతికి సున్నముండె," అన్నాడు సాలొమోను. "పొగాకు నలిపింటి."

ఆమె కోప్పడుతుందని ఆయన ఎదురుచూశాడు. ఆమె కోప్పడలేదు. దరఖాస్తును మడతపడకుండా బైబిలులో పెట్టింది.

శనివారం సంత కుళాయి దగ్గర ఆయన రెండు చేతులూ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొన్నాడు. కరియమ్మ పెట్టిన ఎర్ర ఆయన వేలి చుట్టూ చురుకుగా చుట్టుకొంది.

"బతికినావప్పా! ఎన్ని కావల్ల?"

పక్కనే ఉన్న కృపమణి ముందుకు వంగింది. "ఎడమ చెయ్యి గూడా సూడవ్వా."

అక్కడా మెలికలు తిరిగింది.

"ఇది పిల్లదేమో. పెద్దది పెట్టు."

"సాలమ్మా! ఏరుకోడానికి మొగుడేమన్నా వంకాయా?"

సాలొమోను భార్య ముఖంలోకి చూశాడు. అందులో ద్వేషం లేదు. ముప్పైయేండ్లు వేళకు వండిపెట్టిన ముఖమే అది. ఎక్కవలసిన బస్సు తప్పిపోతున్నట్టు కళ్ళు మాత్రం కంగారుపడుతున్నాయి. ఆయన మెల్లగా కుడిచేయి మళ్ళీ చాపాడు.

"పెట్టవ్వా," అన్నాడు.

మూడోది మెలిక తిరిగింది. నాలుగోది తిరగబోయి ఆగి, మళ్ళీ తిరిగింది. ఐదోది ఆయన అరచేతిని ఒకసారి తడిమి, సాగి, తిన్నగా పడుకొంది. ఆ చేతికి సబ్బు వాసన తప్ప మరేమీ లేదు.

కరియమ్మ మళ్ళీ బుట్ట మూసింది.

కృపమణి ఊపిరి వదిలి, బరువు మోయవద్దని మందలిస్తూ భర్త చేతిలోని సంచి తాను అందుకొంది.

"రాండి," అంది ప్రేమగా. "ఎండలో ఎంతసేపు నిలబడతారు?"