కిటికీ గట్టు మీద ఇల్లు

ఊరి నడిబొడ్డును కుంచెతో దులుపుతున్నాడు జిగురు బాబాయి. పెద్ద బొడ్డేం కాదు. నగరసభ హాలు మధ్యన బల్ల మీద పరిచిన చెక్క నమూనా. వీధులు వేలెడు వెడల్పు, ఇళ్లు అగ్గిపెట్టెలంత. ముప్పై ఒక్కేళ్లుగా ఆయన పని ఒక్కటే. బయట ఇల్లు కూలితే ఇక్కడ ఆ ముక్క పీకాలి, మేడ లేస్తే పొడుగు ముక్క అంటించాలి. మేడలు లేస్తూ వచ్చాయి, ఆయన మెడ వంగుతూ వచ్చింది. గోళ్ల సందుల్లో జిగురు ఎప్పుడో చర్మమైపోయింది.

ఇవాళ పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే పొయ్యి దగ్గర్నుంచి అక్క అడిగింది. "ఏరా, ఇవాళైనా తేలుస్తారా మన సంగతి?"

"నాలుగంతస్తులకు మించి కట్టకూడదని హద్దు పెడితే మన సందు జోలికి ఎవడూ రాడక్కా. పెట్టకపోతే ఇంటాయన అమ్మేస్తాడు."

"అమ్మేస్తే ఈ మోకాళ్లేసుకుని ఎక్కడికి పోనురా?"

చెప్పుల దుకాణం మీది ఆ రెండు గదుల్లోనే ఆవిడ తమ్ముణ్ణి పెంచింది. దులపడం అయ్యాక, సభ్యుల కళ్లకు ఆనాలని ఆయన నమూనాలోంచి తమ ఇంటి ముక్కను పీకాడు. అక్క గదికి ఉన్న వెలిసిపోయిన కిటికీకి అగ్గిపుల్లతో ఎర్ర రంగు చుక్క పెట్టి, ఆరడానికి హాలు కిటికీ గట్టు మీద ఉంచాడు.

అంతలో గుమాస్తా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్, మీటింగు గంట ముందుకు జరిపారు! కుర్చీలు వెయ్యాలి!"

నలభై కుర్చీలు వేసేసరికి నడుము పోయింది. నడుముతో పాటు ముక్క సంగతీ పోయింది.

హద్దు గురించి సభ్యులు మూడు గంటలు హద్దు లేకుండా మాట్లాడారు. తలుపు పక్క పీట మీద బాబాయి ఆవలింతలు మింగుతూ కూర్చున్నాడు. నాలుగంతస్తులకే మొగ్గు కనబడుతోంది. అప్పుడు బట్టతల సభ్యుడు లేచి కర్రతో నమూనాను పొడిచాడు.

"అధ్యక్షా, పాత కొంపల మీద అంత ప్రేముంటే ఉంచుకోండి. ఈ సందు చివర ఖాళీయేగా! ఈ ఒక్కచోట పన్నెండంతస్తులు లేస్తే ఎవరి కొంప మునుగుతుంది?"

కర్ర మొన తమ ఇంటి చోట ఆగి ఉంది. బాబాయి కిటికీ గట్టు వైపు చూశాడు. లేచాడు. సభ నడుస్తుండగా సిబ్బంది నోరు విప్పకూడదు. అధ్యక్షురాలు ఇటు చూడకుండానే కూర్చోమని చెయ్యి ఊపింది. ముప్పై ఒక్కేళ్ల అలవాటు ఆయన మోకాళ్లను మడిచేసింది. ఆ సందులో నడిచినవాళ్లు సభలో ఒక్కరూ లేరు. వాళ్లకు ఊరంటే ఈ బల్లే.

చేతులు లేచాయి. హద్దు నెగ్గింది, ఆ ఒక్క చోటు మినహా.

అప్పుడు బాబాయి కిటికీ దాకా నడిచి, ముక్క తెచ్చి, అరచేతిలో పెట్టి చూపించాడు. "అది ఖాళీ కాదండి. రంగు ఆరడానికి నేనే తీసి అక్కడ పెట్టి మర్చిపోయాను. మా ఇల్లండి. లోపల మా అక్క ఉంది."

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ముందే చెప్పొద్దుటయ్యా!" అన్నాడు బట్టతల సభ్యుడు, నిజంగానే నొచ్చుకుని.

"తీర్మానం అయిపోయింది. ఏడాది దాకా తిరగదోడలేం" అంది అధ్యక్షురాలు కళ్లజోడు తుడుచుకుంటూ.

సాయంత్రం గుమాస్తా అమ్మాయి మెల్లగా చెప్పింది. "పన్నెండంతస్తుల ముక్క చెక్కమంటున్నారు బాబాయ్. పోనీ, రెండ్రోజులు సెలవు పెడతారా?"

"పెట్టడం కాదమ్మా, తీసుకోవడమే."

కుంచె, జిగురు డబ్బా, తాళాలు ఆమె ముందు ఉంచాడు. చెప్పులేసుకుని, అక్కకు ముందుగా ఏ మాట చెప్పాలో వెతుక్కుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లైట్లు ఆర్పబోతూ ఆ అమ్మాయి బల్ల వైపు చూసింది. సందు చివర చిన్న ఇల్లు తన చోట తాను నిలబడి ఉంది. కిటికీలో ఎర్ర చుక్క ఆరింది. అడుగున జిగురే ఇంకా ఆరలేదు.