చీతా పక్కటెముకలు

పర్వతాలు సైకిల్ తొక్కుతుంటే పక్కన చీతా పరుగెత్తుతోంది. ముధోల్ జాతి వేటకుక్క. సన్నని పొడవాటి మూతి, లోపలికి పీక్కుపోయిన పొట్ట, చువ్వల్లాంటి కాళ్లు. రోజూ పొద్దున్నే మౌలాలి వైపు ఖాళీ మైదానంలో అలిసేదాకా ఉరికించకపోతే అది ఇంట్లో సోఫాలు చీల్చేస్తుంది. దూరాన పిల్లి కదిలినా చాలు, దూకేస్తుంది. అందుకని తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంటాడు. ఆ చోట చర్మం నల్లగా కాయకట్టింది.

అతనికి యాభై ఆరేళ్లు. ఇరవయ్యేళ్లు రైలు పెట్టెలు కడిగాడు. కాంట్రాక్టరు మారినప్పుడు కొత్త జాబితాలో అతని పేరు లేదు. మూడేళ్లుగా ఏ.ఎస్. రావు నగర్‌లో రాజేందర్ ఇంట్లో ఈ కుక్కను చూసుకోవడమే అతని కొలువు.

ఆ ఉదయం రాజేందర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ముందురోజు ఇంటికొచ్చిన చుట్టాలు కుక్క తేలిన పక్కటెముకలు చూసి నవ్వారట.

"దీని బొక్కలు లెక్కపెట్టొచ్చు. రోజూ తెచ్చే మటన్ ఎటు పోతుంది పర్వతాలూ? మీ ఇంటికా?"

పర్వతాలు చీతా పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూపించాడు. "గీ జాతి గింతే సార్. మూడు బొక్కలన్న కనబడాలె. బలిస్తే ఉరకలేదు, కీళ్లు పోతయ్."

"నాకే చెప్తున్నవా? నడువ్, డాక్టర్‌నే అడుగుదాం."

నిన్న ఆదివారం. పర్వతాలు ఇంట్లో కోడికూర వండుకున్నారు. ఆ వాసన చొక్కాకు ఇంకా ఉందేమోనని కారులో దారి పొడుగునా అతను తల వంచి వాసన చూసుకుంటూనే ఉన్నాడు.

పశువుల డాక్టర్ జ్ఞానశేఖర్ కుక్క పక్కలు తడిమి, బరువు చూశాడు. "బాగుంది. ఈ జాతికి ఇదే సరైన ఒళ్లు. ఎవరు చూసుకుంటారు?"

"నేనే సార్." పర్వతాలు ఒక అడుగు ముందుకేశాడు. "పొద్దుగాల మా సార్‌కు గదే చెప్పిన. నమ్మలే."

డాక్టర్ నవ్వాడు. రాజేందర్ నవ్వలేదు.

ఇంటికొచ్చాక, కారు దిగుతూనే రాజేందర్ అన్నాడు. "రేపటి సంది రాకు."

"డాక్టర్ సాబ్ చెప్పిండు గద సార్..."

"చెప్పిండు. నువ్వు సుత చెప్పినవ్, ఆయన ముంగట. నా ఇజ్జత్ తీసెటోనికి జీతమెందుకియ్యాలె?"

దొంగ అనిపించుకున్నప్పుడు ఉన్న కొలువు, దొంగ కాదని తేలాక పోయింది. పర్వతాలు చీతా మెడపట్టీ విప్పి, చెవుల వెనక ఒకసారి నిమిరి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. కుక్క గేటు ఊచల మధ్య మూతి పెట్టి చాలాసేపు నిలబడింది.

వరండాలో గ్రానైట్ బండ మీద ఒక బొంత ఉండిపోయింది. కొవ్వులేని ఒళ్లు కదా, బండకు ఒరుసుకుని కుక్క మోచేతులు పుండ్లు పడుతున్నాయని పర్వతాలు చెబితే, అతని భార్య విమలమ్మ తన పాత చీరలతో కుట్టి పంపిన బొంత. నడుమ చీతా ముడుచుకునే చోట గుంటపడి ఉంది.