గాలి వచ్చే ఫొటోలు

పాల్వంచలో మధ్యాహ్నం కరెంటు పోగానే జనం మెహ్రీన్ తీసిన ఫొటోల కిందికి చేరేవాళ్ళు. కరెంటు పుట్టే ఊళ్ళోనే కరెంటు పోవడమేందని తిట్టుకుంటూ, గోడ వైపు ముఖం పెట్టి కూర్చునేవాళ్ళు. ఆమె తీసిన ప్రతి ఫొటోలోంచీ గాలి వచ్చేది. పెద్ద సైజుదైతే ఇంటిల్లిపాదికీ సరిపోయేది.

చీరల షాపులకు ఫొటోలు తీసిన మొదటి ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఆమే. తండ్రి పోయాక ఆయన స్టూడియోను మళ్ళీ తెరిచి, అందులోని తాజ్‌మహల్ బొమ్మ పరదాను చుట్టి అటక మీద పడేసింది. చీర కట్టినవాళ్ళను బస్టాండుకో, గోదావరి ఇసుకలోకో తీసుకుపోయేది. నవ్వనిచ్చేది కాదు. కెమెరా వైపు చూడనిచ్చేది కాదు.

"నడువ్. బస్సు పోతున్నట్టు నడువ్" అనేది.

"ముఖం కనపడకపోతే ఫొటో ఎందుకక్కా?" అంది కమ్లి. కారేపల్లి దగ్గరి తండా పిల్ల, దవాఖానాలో నర్సు. సెలవు దొరికితే మెహ్రీన్ కోసం చీరలు కట్టేది.

"నీ ముఖం అందరు చూసిందే. చీర ఎట్ల నడుస్తదో ఎవరు చూసిండ్రు?"

నిజంగానే ఎవరూ చూడలేదు. అందరూ గాలినే మెచ్చుకున్నారు. పక్కింటి ముత్తక్కయితే, "మా వంటింట్లకు ఇంకోటియ్యి బిడ్డా, జర జోరుగ కొట్టేది" అంది. అందులో ఎవరున్నారని కూడా అడగలేదు.

2006 ఉగాదికి ఖమ్మం చీరల షాపు వెంకటప్పయ్య క్యాలెండర్ వేయిస్తానన్నాడు.

"కింద నా పేరుండాలె" అంది మెహ్రీన్. ఇంకేమీ అడగలేదు.

"ఎందుకుండదమ్మా!"

భద్రాచలం రేవులో కమ్లి ఎర్రచీర కట్టి నీళ్ళ వైపు నడిచింది. కొంగు సగం ఆకాశాన్ని కప్పేసింది. మెహ్రీన్ ఫొటో తీసింది. ఇన్నేళ్ళూ వెతికింది దొరికిందని ఆమెకు తెలిసింది.

క్యాలెండర్ అచ్చయి వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో "ఫొటో: హఫీజ్" అని ఉంది. హఫీజ్ ఆమె తమ్ముడు. స్టూడియోలో ఫ్రేములు కడతాడు.

"ఆడపిల్ల తీసిందంటే కొనేటోళ్ళు ఏమనుకుంటరమ్మా? పేరు మీ ఇంట్లనే ఉన్నది గద!" అన్నాడు వెంకటప్పయ్య ఫోన్లో.

"నేనేం అడగలే ఆపా" అన్నాడు హఫీజ్, క్యాలెండర్‌ను గోడకు తగిలిస్తూ.

తల్లి సర్వరీ బేగం దాని కిందే చాప వేసుకుంది. "పేరేమన్న కూడు పెడ్తదా? వానికి సంబంధాలన్న వస్తయి. జర జరుగు, గాలికి అడ్డమున్నవ్."

మెహ్రీన్ జరిగింది. క్యాలెండర్లోని గాలి చాపను వదిలి ఆమె వెనకే జరిగింది. వీపు మీద చెయ్యి వేసినట్టు నెట్టింది. ఆమె కెమెరా సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాటింది. చున్నీ ముందుకు ఎగురుతుంటే, బస్సు పోతున్నట్టు నడిచింది. ఆ నడకను ఎవరూ ఫొటో తీయలేదు.

తెల్లారి ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఒక్క ఫొటోలోనూ గాలి లేదు.

"పోతే పోయింది, గాలిని గూడ ఎంట తీస్కపోయె" అని సర్వరీ బేగం చెమట తుడుచుకుంది.

ముత్తక్క తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, చేసేదేమీ లేక తమ గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. చూస్తూ చూస్తూ చెయ్యి ఆపేసింది.

"అవ్వ! ఆ కొంగు జూడే. పిల్ల మనల్ని ఇడిచిపెట్టి పోతున్నట్టే లేదూ? ఎవరు తీసిండ్రే?"

కోడలు వంగి చదివింది. "హఫీజట."

"వాని చెయ్యి బంగారంగాను" అంది ముత్తక్క.