బోరులో దిగిన టేపు చెప్పిన మాట

నేను ఒక టేపును. బట్టలు కొలిచే రకం కాదు, బోరుబావిలోకి దిగే రకం. నా కొసన వేలంత ఇనుపగుండు ఉంటుంది. అది నీటిని తాకగానే పైన చక్రంలో ఉన్న డబ్బా కుయ్యిమంటుంది. ఎన్ని మీటర్ల దగ్గర కూశానో అంత లోతున నీళ్ళున్నట్టు. అబద్ధం చెప్పడం నాకు నేర్పలేదు. మనుషుల మధ్య బతకాల్సినదాన్ని ఇలా తయారుచేసి పంపడం ఏం తెలివో, నన్ను చేసినవాళ్ళనే అడగాలి.

బోర్లలో నీళ్ళెంత లోతున ఉన్నాయో చూసుకోమని సర్కారువాళ్ళు అనంతపురం దిక్కున ఒక ఊరికి నన్నిచ్చారు. చదువుకున్న మగవాళ్ళందరూ తీరిక లేదన్నారు. అరుగుల మీద పేకాటకు మాత్రం తీరికే. చివరికి హనుమక్క నన్ను భుజాన వేసుకుంది. మొగుడు పోయిన మనిషి, నూట ఇరవై చీనీ, అంటే బత్తాయి, చెట్ల తోట. బోరు వేయించక ముందు రెండు వేసవులు బిందెలతో మోసి పెంచిన చెట్లు. ప్రతి సోమవారం కరెంటు వచ్చి మోటార్లు తిరగకముందే బోర్లన్నీ చుట్టి, నేను చెప్పిన అంకె పంచాయతీ గోడ మీద రాసేది.

ఆ అంకెలు చూసి ఊరు భయపడింది. భయపడితే మనిషి ప్రమాణాలకు దిగుతాడు. ఆంజనేయస్వామి ముందు కర్పూరం ఆర్పి, బోర్ల కింద ఎవరూ వరి నాటబోమని ఒట్టేసుకున్నారు. అందరికన్నా గట్టిగా అరిచినవాడు హనుమక్క మరిది ఈరన్న. వాడి చేను ఆమె తోట పక్కనే.

తర్వాత వాన వచ్చింది. ఇప్పటి వానలు పాత వానలు కావు. నాలుగు నెలలు కాస్త కాస్తగా కురవాల్సింది రెండు రోజుల్లో కుమ్మరించి పోయింది. వంక పొంగింది. ఊరంతా డప్పులతో వెళ్ళి గంగమ్మకు చీర, పసుపు, కుంకుమ ఇచ్చారు. పారిపోయే నీళ్ళకు సారె పెట్టి సాగనంపిన ఘనులు వీళ్ళు! ఆ నీళ్ళను ఆపాల్సిన చెక్‌డ్యాముకు మూడేళ్ళ కిందట పడిన గండిలో తట్టెడు మట్టి వేసినవాడు లేడు.

హనుమక్క బోరులోకి నన్ను దించారు. అంతకుముందు అరవై మూడు దగ్గర కూసేదాన్ని, ఆరోజు అరవై రెండు దగ్గర కూశాను.

"ఇది చెడిపోయినాది వదినా. వంక అంత పారితే లేసేది ఒక్క మీటరేనా?" అన్నాడు ఈరన్న. బ్యాటరీ మార్చారు. మళ్ళీ అరవై రెండే. నచ్చని మాట చెబితే చెప్పినదానికి జబ్బు అంటగట్టడం వీళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

నన్ను కాదని, టెంకాయతో నీళ్ళ జాడ చెప్పేవాణ్ణి పిలిపించాడు. అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ హనుమక్క గట్టు పక్కన లేచి నిలబడిందట. నిలబడదూ మరి, వేళ్ళు వాడివే కదా! అక్కడే ఈరన్న బోరు వేసి, ఆమె బోరుకన్నా లోతుకు దింపి, రెండెకరాల వరి నాటాడు. వాణ్ణి చూసి ఇంకో పదిమంది.

"ఒట్టేసినావు కదప్పా ఈరన్నా! నా చెట్లేం గావాల?"

"వానొచ్చినాక ఒట్టేంది వదినా? గంగమ్మే ఇచ్చినాది."

అరవై ఎనిమిది. డెబ్బై ఏడు. ఎనభై తొమ్మిది. హనుమక్క రాస్తూనే ఉంది. గోడ వైపు ఎవరూ చూడలేదు, దాని నీడలో కూర్చుని బీడీలు మాత్రం కాల్చారు. ఉగాది ముందు సోమవారం హనుమక్క బోరులో నేను నా నూరు మీటర్లూ విప్పుకుని వేలాడాను. కూత లేదు. ఇంట్లోకి మోసుకునేదీ ఆ బోరు నీళ్ళే. ఆమె నన్ను పైకి లాగి, పొడిగా ఉన్న గుండును కొంగుతో పట్టుకుని, "నువ్వన్నా చెడిపోయుంటే బాగుండు గదా" అంది. చెడిపోవాలని నాకు మొదటిసారి అనిపించింది.

వైశాఖం నాటికి చెట్లు కట్టెలయ్యాయి. నన్ను వసారాలో మేకుకు తగిలించింది.

ఒక మధ్యాహ్నం ఈరన్న పళ్ళన్నీ కనిపించేలా నవ్వుకుంటూ మూటెడు కొత్త బియ్యం తెచ్చాడు. "మన మడిలోవి వదినా. నీ చేత్తో వండిపెట్టు."

"నూట ఇరవై చెట్లు ఇంత మూటలోకొచ్చినాయా?" అంది హనుమక్క.

"దిగులుపడాకు. వచ్చే కారు పంటకు బోరు ఇంకా లోతుకు దింపి, నీకు రెండు మూటలిస్తా," అన్నాడు వాడు. నాకు నోరుంటే ఊసేదాన్ని.

ఆమె దూరం నుంచి మోసుకొచ్చినవాటిలో ఇంట్లో మిగిలిన అరబిందె నీళ్ళూ వంచి ఎసరు పెట్టింది, వండింది, వాడికి వసారాలో విస్తరి వేసింది. వాడు మూడుసార్లు మారు అడిగి తిన్నాడు. త్రేన్చి, చెయ్యి చాపి, "నీళ్ళు పొయ్యి వదినా" అన్నాడు.

హనుమక్క చెంబు తెచ్చి వాడి చేతి మీద వంచింది. ఒక్క చుక్క రాలలేదు. వాడు చెంబులోకి తొంగి చూశాడు, మూలనున్న ఖాళీ బిందె వైపు చూశాడు, ఆమె మొహం వైపు మాత్రం చూడలేకపోయాడు. ఆమె చెంబు వంచి అలాగే నిలబడింది. చాపిన ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా వాడు లేవలేదు.