తెరచాపకు మోటారు

నాగాయలంకలో తెరచాప పడవ నడపడం బాగా తెలిసినవాడు బాలశౌరి. ఆరు నెలలు కష్టపడి నలుగురు కుర్రకారుకి ఆ పని నేర్పాడు. విజయవాడలో పడవల పండుగకి రమ్మని పిలుపొస్తే, పడవని ముందురోజే లారీలో పంపించి, సంబరంగా బయల్దేరారు.

తీరా ఘాటు దగ్గరికి వెళ్లేసరికి, నిర్వాహకుడు ఆ పడవకి మోటారు బిగించి పెట్టాడు.

"ఇదెందుకండీ?" అన్నాడు బాలశౌరి.

"మీ పిల్లలు తాళ్లు పట్టుకుని నవ్వుతూ కూర్చుంటే చాలండీ. ఫొటోల్లో చాప కనబడాలి, అంతే. నిజంగా నడిపితే ఎక్కడ బోల్తా కొడతారో!"

బాలశౌరికి ఒళ్లు మండిపోయింది. నలుగురిలోకీ చిన్నదైన వినీల చెయ్యి పట్టుకుని, తాళ్లు లాగి కాయలు కాసిన అరచేతిని ఆయనకి చూపించాడు.

"ఫొటోల కోసం నేర్చుకోలేదండీ వీళ్లు. మోటారు తీస్తారా, పడవ వెనక్కి తీసుకుపోమంటారా?"

"అతిథులు వచ్చేశారండీ, ఇప్పుడు కుదరదు" అన్నాడాయన.

వినీల పానా తీసుకుని మోటారు విప్పి, మెట్ల మీద పెట్టేసింది. నలుగురూ పడవెక్కి చాప ఎత్తారు. పైరగాలి అందుకుంది. అవతలి ఒడ్డు దాకా వెళ్లి, చాప తిప్పుకుని, ఒక్క తడబాటు లేకుండా తిరిగొచ్చారు.

నిర్వాహకుడు నవ్వుతూ ఎదురొచ్చి, "క్షమించండి బాలశౌరిగారూ, ఒక ఫొటో దిగుదాం" అన్నాడు.

"క్షమాపణ నాక్కాదండీ, వాళ్లకి చెప్పండి."

ఆయన తలొంచుకుని ఆ నలుగురికీ చెప్పాడు. అయినా బాలశౌరి కోపం చల్లారలేదు. ఫొటోకి నిలబడలేదు.